రోజూ పని ఉంటేనే బతికే ఉప్పు బ్యాటరీ

నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టి ఏడాది దాటింది. మధ్యాహ్నం మిగిలే కరెంటు గ్రిడ్‌లోకి పోతుంది, సాయంత్రం ఆరు దాటితే మళ్లీ గ్రిడ్ నుంచే తెచ్చుకుంటాం. దాన్ని మన దగ్గరే దాచుకుంటే బాగుండు కదా అన్న మాట ప్రతి అసోసియేషన్ మీటింగ్‌లోనూ వస్తుంది. ఈమధ్య మూడో ఫ్లోర్ అన్న ఒక కొత్త ముక్క కలిపారు. “ఉప్పు బ్యాటరీలొచ్చినయట గదా సార్, లిథియం లెక్క అంటుకోవట. గవే పెట్టుకుందాం.” వెంటనే పక్క ఫ్లాట్ అత్తయ్యగారు అందుకున్నారు. “ఉప్పు బ్యాటరీ లోపల మూడు వందల డిగ్రీలు ఉంటుందటండీ, మా అబ్బాయి చెప్పాడు. పిల్లలు ఆడుకునే సెల్లార్‌లో అలాంటిది పెట్టడమేంటి?”

అత్తయ్యగారు చెప్పింది నిజమే, అన్న చెప్పిందీ కొంతవరకు నిజమే. కాకపోతే ఇద్దరూ ఒకే పేరుతో వేరువేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

ముందు పేర్ల చిక్కు విడదీద్దాం. “సోడియం”, “ఉప్పు” అనే మాటలతో ఇవాళ మూడు రకాల సరుకు వినిపిస్తోంది. మొదటిది సోడియం అయాన్ బ్యాటరీ. ఇది లిథియం బ్యాటరీకి తమ్ముడి వరస. మామూలు గది వేడిలోనే పనిచేస్తుంది, లోపల కరిగినదేదీ ఉండదు. మన బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో దీని మీద పని జరుగుతోంది. మూడో ఫ్లోర్ అన్న విన్నది బహుశా దీని గురించే. లిథియం కంటే అంటుకునే ముప్పు తక్కువే గానీ, అసలు లేదని కాదు. రెండోది అసలు బ్యాటరీయే కాదు. అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చి, సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ కలిపిన ఉప్పును కరిగించి, ఆ వేడిని పెద్ద ట్యాంకుల్లో దాచి, రాత్రిపూట ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. స్పెయిన్‌లో 2011లో మొదలైన హెమాసొలార్ ప్లాంటు ఇలా 15 గంటలకు సరిపడా వేడిని దాస్తుంది. అక్కడ దాచేది వేడిని, కరెంటును కాదు. మూడోది అత్తయ్యగారు భయపడింది: కరిగిన సోడియంతో, కరిగిన ఉప్పుతో నడిచే అసలైన బ్యాటరీ. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా దీని గురించే.

ఇంటర్ ఫస్టియర్‌లో మా కెమిస్ట్రీ లెక్చరర్ కిరోసిన్ సీసాలోంచి ఒక సోడియం ముక్క తీసి, చిన్న చాకుతో జున్నుముక్కలా కోసి చూపించారు. కోసిన చోట వెండిలా తళుక్కుమంది. మేం మెడలు చాచి చూసేలోపే ఆ మెరుపు మాసిపోయి బూడిద రంగుకు తిరిగింది. శనగ గింజంత ముక్కను నీళ్ల తొట్టిలో వేస్తే గుండ్రటి బిందువుగా మారి, సుయ్యిమంటూ నీటి మీద అటూ ఇటూ పరుగెత్తింది. సోడియం గురించి తెలుసుకోవలసిన మూడు సంగతులు ఆ రెండు నిమిషాల్లోనే ఉన్నాయి. అది మెత్తటి లోహం. తన ఎలక్ట్రాన్‌ను ఎవరికో ఒకరికి ఇచ్చేయాలని తహతహలాడుతుంది, అందుకే గాలి తగలగానే మాసిపోయింది. పైగా చాలా తక్కువ వేడికే కరుగుతుంది: 98 డిగ్రీలు. నీటి మీద అది గుండ్రంగా మారింది కూడా ఆ చర్యలో పుట్టిన వేడికి కరిగే.

ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాలనే ఆ తహతహే బ్యాటరీకి ఇంధనం. సోడియం తన ఎలక్ట్రాన్‌ను నేరుగా పక్కవాడికి ఇచ్చేస్తే మంట పుడుతుంది. అదే ఎలక్ట్రాన్‌ను తీగ గుండా చుట్టూ తిప్పి పంపిస్తే కరెంటు పుడుతుంది. అంటే మధ్యలో ఒక గోడ కావాలి. ఎలక్ట్రాన్ పోయాక మిగిలిన సోడియం అయాన్‌ను ఆ గోడ దాటనివ్వాలి, ఎలక్ట్రాన్‌ను మాత్రం ఆపాలి.

ఆ గోడ పేరు బీటా అల్యూమినా. మన పాత మట్టికుండను తలుచుకోండి. వేసవిలో కుండ బయట చెమరుస్తుంది. నీరు సన్నగా ఊరుతుంది కానీ లోపల పోసిన బియ్యం గింజ ఒక్కటీ బయటికి రాదు. బీటా అల్యూమినా కూడా ఒక రకం పింగాణీయే. దాని అణువుల పొరల మధ్య సోడియం అయాన్లు జారిపోయేంత సందులు ఉంటాయి. దీన్ని గొట్టంలా పోసి, దాదాపు 1600 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. 1960ల్లో అమెరికాలోని ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధకులు జోసెఫ్ కమ్మర్, నీల్ వెబర్ ఈ పింగాణీకి ఒకవైపు కరిగిన సోడియం, మరోవైపు కరిగిన గంధకం పెట్టి బ్యాటరీ చేశారు. సోడియం సల్ఫర్ బ్యాటరీ పుట్టుక అది. ఎలక్ట్రిక్ కార్ల కోసమని మొదలైన ఆ ఆలోచనను నిలబెట్టింది మాత్రం జపాన్. కరెంటు స్తంభాల మీద కనిపించే పింగాణీ ఇన్సులేటర్లు తయారుచేసే ఎన్‌జీకే కంపెనీ, టోక్యో విద్యుత్ సంస్థతో కలిసి దాన్ని గ్రిడ్ స్థాయికి పెంచింది. పింగాణీ పని తెలిసినవాళ్ల చేతికే ఈ బ్యాటరీ దక్కడం నాకైతే సహజంగా అనిపిస్తుంది. ఇందులో సగం కష్టం ఆ గొట్టాన్ని పగుళ్లు లేకుండా కాల్చడంలోనే ఉంది.

మరి అంత వేడి ఎందుకు? సోడియం 98కే కరుగుతుంది, గంధకం 115 దగ్గర కరుగుతుంది. 120 డిగ్రీలు చాలదా? చాలదు. కారణాలు రెండు. పింగాణీ సందుల్లో అయాన్లు చురుగ్గా కదలాలంటే వేడి కావాలి. చల్లగా ఉంటే అవి దాటతాయి కానీ ఈడ్చుకుంటూ దాటతాయి, బ్యాటరీ నీరసిస్తుంది. రెండోది, సోడియం గంధకంలో కలిశాక పుట్టే పదార్థాలు కరిగి ఉండటానికి ఇంకా ఎక్కువ వేడి అవసరం. అందుకే ఆ బ్యాటరీ 300 నుంచి 350 డిగ్రీల దగ్గర నడుస్తుంది.

ఆ వేడి ఎంతో ఊహకు అందాలంటే పాతబస్తీలో కళాయి వేసేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడితే చాలు. ఇత్తడి గిన్నెను నిప్పుల మీద తిప్పుతూ, నవాసాగరం చల్లి, తగరపు కడ్డీని తాకిస్తారు. తగరం ఒక్కసారిగా నీళ్లయి పారుతుంది. దాన్ని దూదితో గిన్నె అంతా రుద్దేస్తారు. తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర. మన బ్యాటరీ లోపలి వేడి అంతకంటే ఎక్కువ. దాన్ని ఏళ్ల తరబడి, ఒక్క చుక్క కారకుండా పెట్టెలో ఉంచాలి.

ఇక ఉప్పు సంగతికి వద్దాం. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. 1980ల్లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో శాస్త్రవేత్తలు గంధకం స్థానంలో నికెల్ క్లోరైడ్ పెట్టారు. ఆ ప్రాజెక్టు పేరులోని పొడి అక్షరాలు కలిపితే జీబ్రా అవుతుంది, బ్యాటరీకీ అదే పేరు నిలిచింది. ఇందులో గొప్ప సంగతి తయారీలో ఉంది. ఫ్యాక్టరీలో ఎవరూ సోడియం లోహాన్ని ముట్టుకోనక్కర్లేదు. గొట్టంలో నికెల్ పొడి, మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్ పోస్తారు. వాటి మధ్య అయాన్లు తిరగడానికి సోడియం అల్యూమినియం క్లోరైడ్ అనే మరో ఉప్పు నింపుతారు. అది 157 డిగ్రీలకు కరుగుతుంది. పెట్టెకు సీలు వేసి, వేడి చేసి, మొదటిసారి ఛార్జింగ్ పెడతారు. అప్పుడు ఉప్పు విడిపోతుంది. క్లోరిన్ నికెల్‌ను పట్టుకుంటుంది, సోడియం అయాన్ గోడ దాటి అవతల లోహంగా మారి పోగవుతుంది. కరెంటు వాడుకుంటే సోడియం వెనక్కి వచ్చి మళ్లీ ఉప్పవుతుంది. పూర్తిగా ఖాళీ అయిన జీబ్రా బ్యాటరీలో ముఖ్యంగా ఉండేవి ఉప్పు, నికెల్.

ఎంత ఉప్పు? కాగితం మీద లెక్క వేశాను. ఒక్కో సెల్ 2.58 వోల్టులు ఇస్తుంది. ఒక యూనిట్ కరెంటు దాచాలంటే సుమారు 330 గ్రాముల సోడియం గోడ దాటాలి. అంత సోడియం సుమారు 850 గ్రాముల ఉప్పులో ఉంటుంది. ఇంట్లో వాడే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ 1.8 యూనిట్లు దాస్తుంది కాబట్టి, దానికి సమానంగా ఒకటిన్నర కిలోల ఉప్పు. అసలు బ్యాటరీలో కొంత ఎక్కువే పోస్తారు, అయినా కిరాణా కొట్టు లెక్కలోనే ఉంటుంది. నౌపడ, చినగంజాం ఉప్పు మడుల దగ్గర పెరిగినవాళ్లకు ఈ లెక్క నాకంటే ఎక్కువ సంతోషాన్నివ్వాలి. లిథియం కోసం మనం చూడాల్సినన్ని దేశాల మొహాలు ఉప్పు కోసం చూడక్కర్లేదు.

అయితే ఉప్పు చవక కాబట్టి బ్యాటరీ కూడా చవక అనుకుంటే పొరపాటు. అదే ఒక యూనిట్‌కు లెక్క ప్రకారం 425 గ్రాముల నికెల్ కావాలి. వాడకంలో అంతకంటే చాలా ఎక్కువ పోస్తారు, ఎందుకంటే కరెంటు పారే దారి కూడా ఆ నికెల్ పొడే. నికెల్ ఉప్పులాంటి సరుకు కాదు. పేరుకు ఉప్పు బ్యాటరీయే గానీ, ఖర్చంతా నికెల్‌ది, పింగాణీది.

ఇప్పుడు మీటింగ్‌లో అత్తయ్యగారు అడిగిన ప్రశ్న. మూడు వందల డిగ్రీల పెట్టెను తాకితే కాలుతుందా? కాలదు. రెండు పొరల ఉక్కు గోడలు, మధ్యలో గాలి లేని ఖాళీ. టీ కొట్టువాళ్లు సైకిల్ మీద తిప్పే ఫ్లాస్కు ఏ సూత్రం మీద పనిచేస్తుందో ఇదీ అంతే. బయటి గోడ కాస్త వెచ్చగా ఉంటుంది, అంతే.

ఎంత మంచి ఫ్లాస్కయినా వేడి కొంచెం కొంచెం కారుతూనే ఉంటుంది కదా. సుమారు 20 యూనిట్ల జీబ్రా బ్యాటరీ నుంచి అలా కారే వేడి 100 వాట్ల దాకా ఉంటుంది. పాతకాలం సీలింగ్ ఫ్యాన్ ఒకటి రాత్రింబవళ్లు తిరుగుతున్నట్టు. రోజుకు 2.4 యూనిట్లు. బ్యాటరీని రోజూ నింపి, రోజూ వాడుకుంటే ఇది పెద్ద బాధ కాదు. కరెంటు లోపలికి, బయటికి పారేటప్పుడు పుట్టే వేడి ఎలాగూ వృథా అయ్యేదే, ఇక్కడ అది పెట్టెను వెచ్చగా ఉంచుతుంది. అదే బ్యాటరీని ఎప్పుడో కరెంటు పోతే పనికొస్తుందని ఊరికే ఉంచితే, రోజుకు 2.4 యూనిట్లు తనని తాను వేడిగా ఉంచుకోవడానికే తినేస్తుంది. మూడు రోజులకు మూడో వంతు హరీ.

ఈ మొత్తం విషయంలో నేను పట్టుకున్న కొస ఇదే. ఈ బ్యాటరీ మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. రోజూ పని ఉందా లేదా అన్నదే ప్రశ్న. మా అపార్ట్‌మెంట్‌లో నెలకు రెండు మూడుసార్లు, అదీ అరగంటో గంటో కరెంటు పోతుంది. ఆ అరగంట లిఫ్ట్ కోసం, బోరు మోటారు కోసం ఇలాంటి బ్యాటరీని నెలంతా వేడిగా కూర్చోబెట్టడం శుద్ధ దండగ. నిజం చెప్పాలంటే డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ వాడే పాత ట్యూబ్యులర్ బ్యాటరీయే ఆ పనికి మేలు.

మా సెల్లార్‌ను వదిలి ఊరి మొత్తం అవసరం చూస్తే లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్‌లో మే నెల రాత్రి పదకొండుకు కూడా ఏసీలు ఆగవు. సోలార్ కరెంటు ఇచ్చే ఎండ మాత్రం ఆరున్నరకే వెళ్లిపోతుంది. మధ్యాహ్నం మిగిలింది రాత్రికి దాచడం అనే పని ఎప్పుడో ఒకసారి వచ్చేది కాదు, ప్రతి సాయంత్రం ఉండేది. అచ్చం ఈ బ్యాటరీకి కావలసిన పని.

వేసవి గురించి ఇంకో మాట. మిగతా బ్యాటరీలకు మన ఎండ శత్రువు. లిథియం బ్యాటరీ కంటైనర్లను చల్లబరచడానికి ఏసీలైనా, చల్లటి ద్రవం తిరిగే పైపులైనా పెట్టాల్సిందే. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ కూడా వేసవుల్లోనే తొందరగా ముసలిదవుతుంది. ఈ బ్యాటరీ లోపలే 300 ఉంటే, బయట 42 అయినా 15 అయినా దానికి పెద్ద లెక్క కాదు. ఇంకా చెప్పాలంటే ఎండ దానికి చుట్టమే. కారే వేడి లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. డిసెంబరు రాత్రి 15 డిగ్రీలప్పుడు ఆ తేడా 285, మే మధ్యాహ్నం 42 ఉన్నప్పుడు 258. అంటే వేసవిలో దాదాపు పదో వంతు వేడి తక్కువ కారుతుంది. అబుదాబిలో 2019లో పది చోట్ల కలిపి 108 మెగావాట్ల సోడియం సల్ఫర్ బ్యాటరీలు పెట్టారు. ఆరు గంటల పాటు కరెంటు ఇవ్వగలవి, మొత్తం 6 లక్షల 48 వేల యూనిట్లు. ఎడారి నగరంలో అలాంటి బ్యాటరీ పెట్టారంటే నాకు ఆశ్చర్యం వేయలేదు. జపాన్‌లోని రొక్కషోలో 2008 నుంచి 51 మెగావాట్ల గాలిమరలకు తోడుగా 34 మెగావాట్ల బ్యాటరీలు పెట్టడమూ అంతే, అక్కడా ఏ రోజు పని ఆ రోజు ఉంటుంది.

భద్రత గురించి దాటవేయడం నాకు ఇష్టం లేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటలు, పైన ఉన్న లాడ్జిలో ఎనిమిది మంది ప్రాణాలు తీశాయి. ఆ తర్వాత ఈ ఊళ్లో బ్యాటరీ అన్న మాట వింటేనే కడుపులో టెన్షన్ పుట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల భయం న్యాయమైనది. దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి.

సోడియం సల్ఫర్ బ్యాటరీ కూడా అంటుకుంది. 2011 సెప్టెంబరులో జపాన్‌లోని ఇబారకి ప్రాంతంలో ఒక ఫ్యాక్టరీలో పెట్టిన బ్యాటరీలో ఒక సెల్ పాడైంది. అందులోంచి కారిన వేడి ద్రవం పక్క సెల్స్ మీదికి పాకి షార్ట్ అయింది. మంట పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది. నీళ్లు కొట్టి ఆర్పే మంట కాదది. మా ల్యాబ్‌లో నీటి తొట్టిలో శనగ గింజంత ముక్క ఏం చేసిందో గుర్తు తెచ్చుకుంటే చాలు. ఆ తర్వాత కంపెనీ కొంతకాలం తయారీ ఆపి, సెల్స్ మధ్య ఫ్యూజులు, ద్రవం పాకకుండా అడ్డు పలకలు చేర్చి మళ్లీ మొదలుపెట్టింది.

జీబ్రా రకంలో ఈ ప్రమాదం చాలా తక్కువ. ఎందుకో చూడండి. లోపలి పింగాణీ గొట్టం పగిలిందనుకుందాం. సోడియం నేరుగా ఎదురుపడేది సోడియం అల్యూమినియం క్లోరైడ్‌కు. రెండూ కలిస్తే మిగిలేది మామూలు ఉప్పు, కొంచెం అల్యూమినియం. ఉప్పు గడ్డకట్టి పగులును పూడుస్తుంది. అల్యూమినియం కరెంటు పారడానికి దారి వేస్తుంది. దాంతో ఆ ఒక్క సెల్ చచ్చినా, వరసలోని మిగతా సెల్స్ పని ఆగదు. మామూలు సీరియల్ బల్బుల దండలో ఒక బల్బు పోతే మిగతావీ ఆరిపోతాయి, ఇక్కడ అలా కాదు. చచ్చిపోతూ కూడా పక్కవాడికి దారి వదిలే ఈ ఏర్పాటును మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఇన్ని మంచి గుణాలు ఉండి కూడా ఇవి మన వీధి చివరి సబ్‌స్టేషన్‌లో ఎందుకు లేవు? ఒక్క మాటలో, లిథియం ధర. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 2012లో స్కెనెక్టడీలో సోడియం నికెల్ బ్యాటరీల ఫ్యాక్టరీ తెరిచింది, కొన్నేళ్లకే ఆపేసింది. కార్లు, ఫోన్లు, స్కూటర్ల కోసం కోట్లకు కోట్లు తయారవుతున్న లిథియం సెల్ ఏటా చవకవుతూ పోయింది. పింగాణీ గొట్టాలు కాల్చే నాలుగైదు ఫ్యాక్టరీలు ఆ పరుగు అందుకోలేకపోయాయి. దీన్ని సాంకేతిక ఓటమి అనడానికి నా మనసు ఒప్పుకోదు. ఎక్కువ మంది కొన్నది చవకైంది, చవకైనదాన్నే ఇంకా ఎక్కువ మంది కొన్నారు.

మనకు నీటితో దాచే అలవాటు ఉందన్నదీ మరిచిపోకూడదు. శ్రీశైలం ఎడమ గట్టు విద్యుత్ కేంద్రంలో ఒక్కోటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యంత్రాలు ఉన్నాయి, అవి తిరగేస్తే నీటిని పైకి ఎక్కిస్తాయి. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివి ఉన్నాయి. పెద్ద ఎత్తున దాచడానికి ఆ నీళ్లే ముందు. కానీ కొండా, కృష్ణా లేనిచోట, ఊరి మధ్యలోని సబ్‌స్టేషన్ పక్కన నాలుగు గుంటల జాగాలో ఇమిడే పని బ్యాటరీదే.

ఇప్పుడు పరిశోధనంతా వేడి తగ్గించడం మీద నడుస్తోంది. అమెరికాలోని శాండియా ప్రయోగశాల 2021లో 110 డిగ్రీల దగ్గర నడిచే కరిగిన సోడియం బ్యాటరీని చూపించింది. అవతలి వైపు సోడియం అయొడైడ్, గాలియం క్లోరైడ్ మిశ్రమం, మధ్యలో మరో రకం పింగాణీ. ఒక్కో సెల్ 3.6 వోల్టులు ఇచ్చింది. ఎనిమిది నెలల పాటు 400 సార్లకు పైగా నింపి, ఖాళీ చేసి చూశారు. మధ్యలో కోవిడ్ వల్ల ల్యాబ్ మూసేస్తే బ్యాటరీ చల్లబడి నెలరోజులు గడ్డకట్టి ఉంది. తిరిగి వచ్చి వేడి చేస్తే మళ్లీ పనిచేసింది. వేడి 110కి దిగితే ఖరీదైన సీళ్లు, తీగలు అక్కర్లేదు, మామూలు ప్లాస్టిక్ సరుకు కూడా కొంత పనికొస్తుంది. చిక్కల్లా గాలియం క్లోరైడ్ దగ్గరే. అది మామూలు ఉప్పుకంటే వంద రెట్లకు పైగా ఖరీదు. దాని బదులు ఇంకేం వాడొచ్చో వెతకాలి.

గడ్డకట్టడం గురించి ఇంకొకళ్లు వేరే దారిలో ఆలోచించారు. ఈ బ్యాటరీ చల్లారితే ఉప్పు బిగుసుకుపోతుంది, అయాన్లు కదలవు, కరెంటు రాదు. సరే, కరెంటు రాకపోతే లోపల ఉన్నది కూడా కారిపోదు కదా! వాషింగ్టన్ రాష్ట్రంలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల 2022లో అల్యూమినియం, నికెల్, కరిగిన ఉప్పుతో ఒక చిన్న బ్యాటరీ చేసింది. 180 డిగ్రీలకు వేడి చేసి నింపారు, తర్వాత చల్లార్చి పక్కన పెట్టారు. పన్నెండు వారాల తర్వాత వేడి చేసి చూస్తే 92 శాతం అలాగే ఉంది. రోజువారీ పని లేనిదే బతకదనుకున్న ఈ జాతికి, వేసవి ఎండను శ్రావణ మాసపు మబ్బుల దాకా గడ్డకట్టించి దాచే కొత్త పని దొరకొచ్చు. ప్రస్తుతానికి ఆ బ్యాటరీ అరచేతిలో పట్టేంత ఉంది.